తమ్ముడి మీద ఒక్క చాడీ

సైనిక ఉత్తరాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
మూడవ పటాలము, నీటి సరఫరా విభాగమునకు చెందిన సిపాయి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా తమ్ముడు చనిపోయిన సంగతి మా అమ్మకు తెలియజేయుటకు అనుమతి కోరుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమరికి మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేనును, నా తమ్ముడును ఒకే పటాలములో చేరితిమి. అంతకుముందు నేను ఇళ్ళలో కుళాయిలు బిగించేవాడిని, వాడు సిటీ బస్సులో కండక్టరు. ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. చొక్కాల కంపెనీకి కాలర్లు కుట్టి మమ్మల్ని పెంచింది. మేము బయలుదేరిన రోజు బస్టాండులో నా చెయ్యి పట్టుకుని, "పెద్దోడా, వాడికి నోరు తప్ప ఇంకేం లేదు. కాస్త కనిపెట్టుకుని ఉండు" అంది. ఇది ఆఫీసు వ్యవహారం కాదని నాకు తెలుసు. అయినా మిగతాదంతా దీని మీదే నిలబడి ఉన్నందున మొదటి అంశముగా చేర్చడమైనది.

2. పోయిన నెల సిమెంటు గోదాము మీద గుండ్లు పడినప్పుడు తమ్ముడు లోపల ఉన్నాడు. పైకప్పు కూలి దూలాల కింద పడిపోయాడు. ఒక చెయ్యి మాత్రం బయటికి ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మొదట వాడూ గట్టిగానే పట్టుకున్నాడు. "అన్నయ్యా, బండి ఫుల్లుగా ఉందిరా, ఊపిరాడట్లేదు" అన్నాడు. తరువాత మాట్లాడలేదు. చెయ్యి చల్లబడింది. వెనక్కి రమ్మని ఉత్తరువు వచ్చింది, వచ్చేశాను. ఇప్పుడు ఆ గోదాము అవతలివాళ్ళ చేతిలో ఉంది.

3. శవము స్వాధీనము కానందునను, మెడలోని గుర్తింపు బిళ్ళ దొరకనందునను, సదరు వ్యక్తిని 'ఆచూకీ తెలియని వారు' కింద జమకట్టినారు. అట్టివారి సంగతి ప్రకటన వెలువడేదాకా ఎవ్వరూ ఇంటికి వ్రాయరాదని నియమము. అయ్యా, ఆచూకీ తెలియకపోవడమేమిటి? నాకు తెలుసు. గోదాములో, తలుపుకి ఎడమపక్కన. ఉన్నదున్నట్టు నేను అమ్మకు రాసిన ఉత్తరానికి తమ కార్యాలయం నల్లసిరా పూసి నాకే తిప్పి పంపింది. "అమ్మా" అనే మాట ఒక్కటి దయతో వదిలేశారు.

4. తమ గుమాస్తా గారిని కలిసి కాళ్ళావేళ్ళా పడ్డాను. మనిషి చెడ్డవాడు కాదు. "నన్నేం చెయ్యమంటావయ్యా? రూలు రూలే. ఇద్దరం క్షేమం అని రాసి పడెయ్. పెద్దావిడ ఇంకొన్నాళ్ళు నిశ్చింతగా ఉంటుంది" అన్నాడు. ఆ ప్రకారమే వ్రాసితిని. ఇద్దరం క్షేమం, తమ్ముడు చెప్పిన మాట వింటున్నాడు, అందరికీ సాయపడుతున్నాడు అని. వెంటనే ముద్ర పడింది, ఉత్తరం వెళ్ళింది.

5. అమ్మ నుంచి జవాబు వచ్చినది. దానిని యథాతథముగా ఎత్తి వ్రాయుచున్నాను:

"పెద్దోడా, ఉత్తరం అందింది. వాడు పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నాను, తమ్ముడి మీద చాడీ చెప్పకుండా నువ్వు ముద్ద మింగింది లేదు. అక్కడికి వెళ్ళాక కూడా ప్రతి ఉత్తరంలో వాడి మీద ఏడుపే కదరా. ఇప్పుడు ఉన్నట్టుండి వాడు బుద్ధిమంతుడయ్యాడని రాశావు. నా గుండెల్లో రాయి పడింది. మిషను ముందు కూర్చుంటే కాలు ఆడట్లేదు. పక్కింటి పిన్ని 'ఏం కాదులే అక్కా' అంటోంది. దాని మాట నాకెందుకు, నీ మాట కావాలి. మీ ఆఫీసర్లు సిరా పూస్తారని తెలుసు. అందుకని ఒక పని చెయ్యి. వాడు ఉంటే, వాడి మీద ఒక్క చాడీ రాయి. లేకపోతే ఏమీ రాయకు, తెల్లకాగితం మడిచి పంపు. నేను తట్టుకుంటాను. నన్ను మోసం మాత్రం చెయ్యకు నాయనా."

6. ఇది గుమాస్తా గారికి చూపించితిని. "ఇంకేం మరి! ఒక చాడీ రాసుకురా, ఇప్పుడే ముద్ర వేయిస్తా" అన్నాడు. అంటే అబద్ధానికి అప్పటికప్పుడే ముద్ర, నిజానికి నియమం. సరే కానిమ్మని పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. వాడి మీద చాడీలు వెతుక్కోవలసిన ఖర్మ నాకు లేదు. తమ పరిశీలనార్థము కొన్ని దిగువ పొందుపరచడమైనది:

(అ) సదరు వ్యక్తి నా పొడి మేజోళ్ళు తొడుక్కుని, తన తడి మేజోళ్ళు నా బూట్లలో కుక్కేవాడు.

(ఆ) పాలపొడి డబ్బాలో వేలు పెట్టి నాకి, ఎవరికీ తెలియకుండా పైన చదును చేసేవాడు.

(ఇ) కందకంలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి "ముందుకు జరగండి, లోపలంతా ఖాళీయే" అని కండక్టరు కేకలు పెట్టేవాడు. సార్జెంటు గారికి కూడా నవ్వొచ్చింది. తిట్లు మాత్రం నాకు పడ్డాయి.

(ఈ) గుండ్లు పడుతుంటే గురక పెట్టేవాడు. వాడి గురకకి నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు గురక లేదు, నిద్ర అసలే లేదు.

(ఉ) ఆ రోజు గోదాములోకి వెళ్ళవలసింది నేను. నీళ్ళ గొట్టం పగిలింది, అది నా పని. "నువ్వు టీ తాగు, నేను చూసొస్తాలే" అని నా పానా లాక్కుని పోయాడు. కుళాయి ఎటు తిప్పాలో తెలియని వెధవ! నా పనిముట్లు ముట్టుకోవద్దని చిన్నప్పటి నుంచి మొత్తుకుంటూనే ఉన్నాను. వాడు ఎప్పుడు విన్నాడు గనక!

అయ్యా, పై వాటిలో ఏ ఒక్కటి పంపినా అమ్మ నమ్మేస్తుంది. అదే నా భయం. తలుపు గడియ పెట్టకుండా ఎదురుచూస్తుంది. యుద్ధం అయ్యాక నేనొక్కడినే గుమ్మంలో నిలబడితే, నన్ను దాటి నా వెనక్కి చూస్తుంది. ఆ చూపు నా వల్ల కాదు.

7. కావున తమరు నాకు నిజము వ్రాయుటకు అనుమతి దయచేయవలెను. వీలుకాని పక్షమున, ప్రకటన తక్షణమే వెలువరించవలెను. రెండును కాదందురా, తమరే స్వయముగా మా ఇంటికి విచ్చేసి, అమ్మ ఎదురుగా కూర్చుని, ఆమె కళ్ళలోకి చూస్తూ "ఆచూకీ తెలియదమ్మా" అని చెప్పి రావలెను. మీ వల్ల అవుతుందేమో చూడండి.

మనసు పెట్టి చిత్తగించవలెను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
నీటి సరఫరా సిపాయి

తా.క. అయ్యా, తమ జవాబు వచ్చేదాకా అమ్మని అలా ఉంచలేను. అమ్మ చిరునామా రాసిన కవరు దీనికి జతపరిచాను. లోపల తెల్లకాగితం ఉంది. దీపానికి పట్టి చూసుకోండి, నీళ్ళలో ముంచి చూసుకోండి, ఒక్క అక్షరం లేదు. కొట్టివేయడానికి మీకు ఏమీ మిగల్చలేదు. బాబ్బాబు, ముద్ర మాత్రం కవరు మీదే వేయించండి. కాగితం మీద చుక్క సిరా కూడా పడకూడదు. అమ్మ రెండువైపులా తిప్పి చూస్తుంది.