రోసేర్‌ని డన్‌మోర్‌కి పంపేది లేదు

లాక్ బ్రోషె
18 ఫిబ్రవరి 1962, ఆదివారం, పూజ అయ్యాక

చిరంజీవి ఓరేల్‌ని దీవించి అమ్మ నోటితో చెప్పి రాయిస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఒక్క వంటింటి పొయ్యి గొట్టం తప్ప. అది నాకంటే ఎక్కువ దగ్గుతోంది. ఆసుపత్రిలో నీ నడుం సంగతి ఈసారి డాక్టరు ఏమన్నాడో కాకుండా నీకెలా ఉందో రాయి.

ఫెర్నాండ్ తన కూతురి పురుడని పొరుగూరు వెళ్లింది. ఇన్నేళ్లూ నా ఉత్తరాలు చదివేదీ రాసేదీ ఆవిడే కదా, ఈసారి వేరే చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, చదువు రాని నాకే తెలుస్తోంది. మాటలు మాత్రం నావి. ఒక్కటి మార్చినా, ఒక్కటి వదిలినా రాత్రికి సూప్ ఉండదని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. మందు వేసుకుంటున్నానా అంటే, గుర్తొచ్చినప్పుడు వేసుకుంటున్నాను. ఇంటి మీద మంచు ఎవరు తీస్తున్నారన్నావు. రోసేర్ తీస్తున్నాడు. నీళ్ల గొట్టం గడ్డకట్టిందా అన్నావు. కట్టింది, రోసేర్ నేల మీద పడుకుని వేడి గుడ్డలు చుట్టి కరిగించాడు. మన ఇంట్లో ఉంటున్న నీ హాకీ జట్టు ఆటగాళ్లు బుద్ధిగా ఉన్నారా అన్నావు. గోల్ కాసేవాడు రొట్టెకి పూసుకోవాల్సిన మొలాసిస్ దుప్పట్లకి పూస్తున్నాడు. రోసేర్ గురించి నేను చెప్పక్కర్లేదు, ఈ జవాబుల్లోనే ఇప్పటికి రెండుసార్లు వచ్చాడు.

ఇక అసలు సంగతి. మంగళవారం నీ ఉత్తరం విన్నాను. రోసేర్‌కి ముప్పై ఒకటి దాటాయి, కాళ్లు బరువెక్కాయి, క్రిస్మస్ తర్వాత గోల్సు లేవు, ఈ వేసవికి ఒప్పందం అయిపోతుంది, మళ్లీ రెండేళ్లకి రాయించుకోవడం దండగ, నెలాఖరు దాటితే మార్పిడి కుదరదు గనక ఈలోపే వాణ్ణి డన్‌మోర్ జట్టుకి ఇచ్చేసి వాళ్ల దగ్గరున్న ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి తెచ్చుకుందాం, అని రాశావు. శిక్షకుడు పెన్నీ కూడా అదే అంటున్నాడన్నావు. ఇంకా ఏమన్నావు? 'అమ్మా, రోసేర్ చెవిన పడనివ్వకు. నువ్వు ఇందులో వేలు పెట్టకు. ఆటంటే నీకు కేకలెయ్యడమే తెలుసు' అన్నావు.

తెలుసు. కేకలెయ్యడం బాగా తెలుసు. ఆ స్టేడియం కట్టకముందు, గడ్డకట్టిన చెరువు మీద మీ నాన్న పార పట్టుకుని మంచు తోసి మీకు ఆట చోటు చేసినప్పటినుంచీ వేస్తున్నాను. నీకు నచ్చనిదల్లా, ఇప్పుడు నీ మీద వేస్తుండటమే.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. వాడు నెమ్మదించాడు. ఆ డన్‌మోర్ కుర్రవాడు గాలిలా వెళ్తాడు, నేనూ చూశాను. ఎక్కడికి వెళ్తున్నాడో వాడికే తెలీదు గానీ వెళ్తాడు. నీకు కావాల్సింది మొదటి వరసకైతే తెచ్చుకో, నేను నోరెత్తను. గోల్సు కొట్టాల్సింది వాళ్లు. రోసేర్‌లా రెండో వరస మధ్యలో ఉండేవాడి పని అది కాదు కదరా. ఎదుటి జట్టులో పెద్ద మొనగాడు మంచు మీదికి దిగినప్పుడల్లా వీడూ దిగాలి, పిల్లిలా వాడి వెనకే తిరగాలి, పక్ బిళ్ల వాడి కర్రకి తగలకుండా చూడాలి. ఆ పనికి గోల్ లెక్క వేస్తే ఎలా? పొయ్యిలో నిప్పు ఆరకుండా చూసేదాన్ని, ఎన్ని రొట్టెలు అమ్మావని అడిగినట్టుంది.

శుక్రవారం ఆ డన్‌మోర్‌తోనే ఆట. వాళ్ల మెర్సర్ ఉన్నాడు చూడు, తలుపంత మనిషి, వాడు దిగాడు. మన పెన్నీ రోసేర్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి వేరేవాణ్ణి పంపాడు. గోల్. మళ్లీ దిగాడు. మళ్లీ కూర్చోబెట్టాడు. మళ్లీ గోల్. నేను లేచి బెంచీ వెనక్కి వెళ్లాను.

"మదాం, కూర్చోండి" అన్నాడు పెన్నీ, వెనక్కి తిరక్కుండానే.

"నేను కూర్చుంటాను, నువ్వు వాణ్ణి లేపు" అన్నాను.

"జట్టు నడిపేది నేను."

"ఎక్కడికి నడిపిస్తున్నావో అక్కడికి దారి అందరికీ కనిపిస్తోంది నాయనా."

వెనక ఉన్న గని పనివాళ్లంతా నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు భరించలేకో ఏమో, చివరి భాగంలో రోసేర్‌ని దింపాడు. ఓడిపోయాంలే. ఒక్క గోల్ తేడా. రోసేర్ దిగగానే గెలిచామని నీకు కథలు చెప్పను. కానీ వాడు మంచు మీదున్నంతసేపూ మెర్సర్‌కి పక్ వాసన కూడా తగల్లేదు.

అయితే ఒకటి చూశాను. వాడి ఆటలో ఏదో తేడా ఉంది, పెన్నీ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి మధ్యా పక్ వెయ్యడానికి రెఫరీ వంగినప్పుడల్లా రోసేర్ తలెత్తి గేటు దగ్గర మూలకి చూస్తున్నాడు. అక్కడ ఎవరూ లేరు. వాడు తల దించేలోపు పక్ పడిపోతోంది, అవతలివాడు లాక్కుపోతున్నాడు. ప్రతిసారీ అంతే; తర్వాత మెర్సర్‌కి అందకుండా అడ్డుపడుతున్నాడనుకో, మొదటి పట్టు మాత్రం పోతోంది. వీడికి మెడ పట్టేసిందా అనుకున్నాను.

ఆట అయ్యాక కాఫీ ఇచ్చే గదిలో పెన్నీని పట్టుకున్నాను. వదిలించుకోవాలని చూశాడు గానీ తలుపుకీ ఆయనకీ మధ్య నేనున్నాను.

"మదాం, ఇది కాళ్ల గురించి మాత్రమే కాదు. ఆ మనిషికి ఆట మీద మనసు లేదు. జనవరిలో నేనే పిలిచి అడిగాను, ఏమైంది నీకని. మీ అబ్బాయంటే విసుగెత్తిపోయిందని నా మొహం మీదే చెప్పాడు. ఇక ఉంచుకోవడం ఎందుకు?" అన్నాడు.

నీ ఉత్తరంలోనూ ఆ ముక్క ఉంది. 'నేనంటే విసుగెత్తిందట, వెళ్లి ఇంకెక్కడైనా విసుక్కోమను' అని. ఒరే ఓరేల్, నేను నిన్ను కన్నదాన్ని. ఉత్తరమంతా కాళ్ల గురించీ వయసు గురించీ రాసి, నొప్పి ఎక్కడుందో అక్కడ ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. నీ నడుముకి చేసిన కోత కంటే ఇది లోతుగా దిగింది నీకు. పంతొమ్మిదేళ్లప్పుడు అట్టపెట్టెతో వచ్చినవాణ్ణి నువ్వే స్టేషన్ నుంచి తీసుకొచ్చి మన బల్ల దగ్గర కూర్చోబెట్టావు. వాడు అలా అన్నాడంటే నీకు తగలదా మరి.

పెన్నీని అడిగాను. "వాడు అన్నదేమిటో అన్నట్టే చెప్పు. నీ మాటల్లో కాదు, వాడి మాటల్లో."

ఆయన పాపం, మన ఫ్రెంచి పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నవాడు. గొంతు సవరించుకుని, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు: "జ మాన్నుయీ ద ఓరేల్."

కాఫీ ఇచ్చే అమ్మాయి గిన్నె కడగడం ఆపేసింది. ఆ మాట ఆ గదిలో అందరికీ అర్థమైంది, చెప్పినాయనకి తప్ప.

ఆయన పుస్తకంలో మాన్నుయీ అంటే విసుగేనట. మన వంటింట్లో ఏమిటో నీకు చెప్పాలా? నీకు ఐదేళ్లప్పుడు మీ నాన్న చలికాలమంతా అడవిలో చెట్లు కొట్టే పనికి వెళ్లిపోతే, నువ్వు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఏమనేవాడివి? నాన్న మీద విసుగనేవాడివా? "మాన్నుయీ" అనేవాడివి. నాన్న కావాలని. నాన్న లేక ఏం తోచట్లేదని. అద్దం మీద నీ ఊపిరి గడ్డకట్టి తెల్లగా అయ్యేది, దాన్ని గోటితో గీకి మళ్లీ చూసేవాడివి.

రోసేర్ పెన్నీకి చెప్పింది అదే. ఓరేల్ మీద బెంగగా ఉందన్నాడు. ముప్పై ఒక్కేళ్ల మగాడు, ముందు రెండు పళ్లు లేనివాడు, సిగ్గు చంపుకుని ఒక్క నిజం చెబితే ఆ ఇంగ్లీషాయన దాన్ని తిరగేసి నీకు ఫోన్‌లో వినిపించాడు. నువ్వు నమ్మావు. ఆయనంటే పరాయివాడు, పుస్తకంలో ఉన్నది నమ్మాడు. నీకేమైంది?

అప్పుడు నాకు ఆ మూల సంగతి తెలిసింది. నువ్వు ఆసుపత్రిలో చేరేదాకా గేటు దగ్గర నిలబడేది నువ్వే కదా. పక్ వేసే ముందు ఉంగరం వేలితో చెక్కగోడ మీద రెండుసార్లు కొట్టేది నువ్వే కదా. నీకు అది ఊరికే చేతి దురద. వాడికి అది కర్ర బిగించి పట్టుకోమన్న మాట. పన్నెండు చలికాలాలు అది విని ఆడినవాడు ఇప్పుడు దానికోసం చూస్తున్నాడు, అంతే. కాళ్లు బరువెక్కాయట, కాళ్లు.

కాబట్టి నా మాట విను. నువ్వు లేచొచ్చేదాకా ఆ మూల నేను నిలబడతాను. మీ నాన్న చేతికర్ర ఉంది, దాంతో కొడతాను, రెండూళ్ల వాళ్లకీ వినబడేలా. డాక్టరు చలిలో నిలబడొద్దన్నాడని గుర్తు చెయ్యకు. ఆయన నా కాళ్లు చూశాడు గానీ నన్ను చూడలేదు. వాడికి రెండేళ్ల ఒప్పందం రాయించు. డన్‌మోర్ వాళ్లకి ఆ గాలి కుర్రవాణ్ణి వాళ్ల దగ్గరే ఉంచుకోమని చెప్పు. పెన్నీకి నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఆయన మంచివాడే, పొద్దున పూజ దగ్గర కనిపించి టోపీ తీసి ఆ మాట నా చేత నాలుగుసార్లు పలికించుకున్నాడు.

ఇప్పటిదాకా ఒక సంగతి దాచాను. నీకు కోపమొస్తుంది. రానీ.

మంగళవారం నీ ఉత్తరం వచ్చినప్పుడు ఫెర్నాండ్ అప్పటికే లేదు. పొయ్యి పక్క కుర్చీలో రోసేర్ బూట్లు ఆరబెట్టుకుంటున్నాడు. ఎప్పట్లాగే నడుం సంగతీ మందుల సంగతీ ఉంటుందనుకుని, చదివిపెట్టు నాయనా అని వాడి చేతికే ఇచ్చాను.

చదివాడు. కాళ్లు బరువెక్కాయన్నది చదివాడు. డన్‌మోర్ అన్నది చదివాడు. 'రోసేర్ చెవిన పడనివ్వకు' అన్నది కూడా గొంతు ఎక్కడా ఆగకుండా చదివాడు. విసుగు ముక్క దగ్గర ఒక్కసారి ఊపిరి తీసుకున్నాడు. అంతా అయ్యాక మడిచి నా ఒళ్లో పెట్టి, "ఇంటి మీద మంచు పడుతోంది పెద్దమ్మా" అని పార తీసుకుని పైకెక్కాడు. మంచేమీ పడట్లేదు.

నాకు నమ్మకం కలగక మర్నాడు ఫాదర్ లాబెర్జ్ చేత మళ్లీ చదివించాను. అన్నీ అవే మాటలు. ఒక్కటే తేడా. నాకు కేకలెయ్యడమే తెలుసన్నావే, ఆ ముక్క ఫాదర్ దాటేశారు, ముసలిదాని మనసు కష్టపెట్టడం ఎందుకని. రోసేర్ దాటెయ్యలేదు. ఆలోచించు. అక్షరం రాని ముసలిదాని ముందు కూర్చుని వాడు ఏం చదివినా నేను నమ్మేదాన్ని. 'రోసేర్‌ని ఉంచుకుందాం' అని చదివితే నమ్మేదాన్ని. తనని అమ్మేస్తున్న ఉత్తరాన్ని తనే చదువుతూ ఒక్క మాట మింగలేదు. నువ్వు డన్‌మోర్‌కి ఇచ్చేద్దామన్నది అలాంటివాణ్ణి. అలాంటివాడు ఇంకొకడు ఏ జట్టులో దొరుకుతాడో చెప్పు, వెళ్లి నేనే తీసుకొస్తాను.

ఈ అక్షరాలు ఎవరివో ఈపాటికి తెలిసే ఉంటుంది నీకు. పొగిడినప్పుడల్లా కలం కింద పెడుతున్నాడు. "ఇది రాయను పెద్దమ్మా" అంటాడు. "రాయి. చదివినప్పుడు నోరు ఎలా ఓర్చుకుందో రాసేటప్పుడు చెయ్యీ అలాగే ఓర్చుకోవాలి" అన్నాను. బెంగ అన్న ముక్క దగ్గర లేచి వెళ్లి పొయ్యిలో కట్టె వేసొచ్చాడు. పొయ్యిలో కట్టెలు నిండుగానే ఉన్నాయి.

నెలాఖరులోపు జవాబు రాయి. నీకు ఏది తోస్తే అది రాయి, జట్టు నీది, నేను వద్దన్నా నువ్వు చెయ్యగలవు. ఒక్కటి గుర్తు పెట్టుకో. ఫెర్నాండ్ వచ్చే నెల దాకా రాదు. నీ జవాబు నాకు చదివి వినిపించేది కూడా వీడే.

ఇట్లు,
నీ కోసం బెంగగా ఉన్న
మీ అమ్మ డెల్వీనా
× (ఈ గీత నాదే)

రాసినది రోసేర్. ఒక్క మాటా వదల్లేదు. పొయ్యి గొట్టం రేపు చూస్తాను.