లోపలి గదికి కిటికీ

ఏప్రిల్ 27

ఖమ్మం హాస్టల్ ఖాళీ చేసి వచ్చేశాను. కొత్తగూడెం దాటి అడవి మొదలవగానే సిగ్నల్ పోయింది. మంచిదే.

సంచిలో బట్టలకన్నా కరపత్రాలే ఎక్కువ. అమ్మ బోర్లించి చూసి — "ఇయన్ని పొయ్యిలకేనా బిడ్డా?" వచ్చీ రాగానే గొడవ. గొడవ పూర్తయ్యేలోగా రెండు కాగితాలతో పొయ్యి అంటించనే అంటించింది. అందులో ఒకటి స్త్రీ విముక్తి మీద.

ఇల్లు మంజూరైందట. పాతది కూల్చి అదే జాగాలో సిమెంటు ఇల్లు. వానలు పడేలోగా పునాది లేవాలి. నాయన నా ముందు ఒక తెల్లకాగితం పెట్టి — "సదువుకున్నవు గదా, ఎట్లుండాల్నో గీయి."

ఏప్రిల్ 28

గీశాను. ముందు గది, పక్క గది, వంట గది.

లోపలి గది గీయలేదు. కావాలనే.

ఏప్రిల్ 30

కూల్చేముందు రాసి పెట్టుకోవాలి. తర్వాత గుర్తుండదు.

అరుగు — నాయనది. ఆయన వీపు ఆనే చోట గోడ నున్నగా, నల్లగా, ఆవు మెడలా. తునికాకు కట్టలు కడుతూ, కాళ్లు బారజాపి, వచ్చే పోయే వాళ్లందరితో ఒకే మాట — "తిన్నవా?"

ముందు గది — చుట్టాలది. క్యాలెండర్లు ఒకదానిమీద ఒకటి, పాతది తీసిన పాపాన ఎవరూ పోలేదు. కిందిదాని మీద నా పలక బలపం గీతలు ఇంకా ఉన్నాయి.

వంటసాల — అమ్మది. పైన వాసాలన్నీ పొగకు మెరుస్తున్నాయి. అక్కడ అమ్మ తిట్లు కూడా పొగ వాసనే. కోయలో తిడుతుంది. తెలుగులో రాస్తే సగం పోతుంది, రాయను.

లోపలి గది... పెద్దలది అంటుంది అమ్మ. నాకు తెలిసి అక్కది.

కిటికీ లేదు. పట్టపగలు కూడా చేత్తో తడుముకుంటూ పోవాలి. వడ్లు పోసే వెదురు గుమ్మి. ఎండిన ఇప్పపువ్వు వాసన, తీయగా, కొంచెం పులిసినట్టు. మూలన ఉట్టిలో పెద్దల కుండ. పోయిన తాతలూ నానమ్మలూ అందులో ఉంటారని. కొత్త చిక్కుడైనా కొత్త మామిడైనా ముందు ఆ కుండకు పెట్టాకే మా నోటికి. గుమ్మికీ గోడకీ మధ్య ఒక్క చాప పట్టేంత చోటు — అక్కా నేనూ. నాకు జ్వరమొస్తే అక్క తన కాళ్లు నా కాళ్లమీద వేసి పడుకునేది, లేచి వానలోకి పారిపోతానని. పారిపోయేదాన్నే.

ఆ గోడకు నేనొక కన్నం పెట్టాను, బొటనవేలితో, బయట కోళ్లను చూడటానికి. అమ్మ వీపు మోగించింది. ఏటా పండక్కి గోడలు అలికేటప్పుడు అక్క అంతా అలికి ఆ కన్నం ఒక్కటీ వదిలేసేది. "రాజీ కిటికీ" అని పేరు కూడా.

పెళ్లయ్యాక అక్క ఆ గదిలో అడుగు పెట్టలేదు. పెట్టకూడదట. పెళ్లితో వేరే గట్టు, అంటే వేరే వంశం, మనిషైంది, వాళ్ల పెద్దలు వేరు, మా పెద్దలు వేరు. వచ్చినప్పుడల్లా ముందు గదిలో పడుకుంటుంది. క్యాలెండర్ల కింద. చుట్టంలా.

నన్ను పెంచిన మనిషి, చుట్టంలా!

మే 2

కొత్త ఇంట్లో ఆ గది ఉండదు. నేను బతికుండగా ఉండదు.

మే 4

అక్క వచ్చింది. పర్ణశాల నుంచి, బావ ఆటోలో. గుడి దగ్గర అమ్మితే మిగిలిన తేనె ఒక సీసా, చింతపండు ఒక బుట్ట. ఇల్లు కూల్చి పునాది తీసేదాకా ఉంటుందట. నన్ను చూసి — "ఏందే గిట్ల ఎండిపోయినవ్? హాస్టల్ల కాయితాలు తింటన్నవా?"

సాయంత్రం నాయన నా ప్లాను అమ్మకు చూపించాడు. అమ్మకు చదువు రాదు కానీ గదులు లెక్కపెట్టడం వచ్చు.

"లోపలి గదేది?"

"లేదు."

"లేకుంటే పెద్దలు యాడ కూసుంటరు? నీ నెత్తి మీదనా?"

లేచి నిలబడ్డాను. గుర్తున్నదంతా చెప్పాను — ఆచారం పేరుతో ఆడదాన్ని సొంత ఇంటికే పరాయిని చేయడం గురించి, గడపల గురించి, తరతరాల చీకటి గురించి. నాయన తల గోక్కున్నాడు. అక్క నవ్వు ఆపుకోలేక — "మైకు తెద్దునా చెల్లే?"

అదే. ఆ నవ్వే. మెదడులో ఏదో తెగింది. అక్క చేయి పట్టుకుని లోపలి గదివైపు లాగాను. "రా. ఈరోజు పోతున్నవ్ లోపలికి. ఎవరు ఆపుతరో చూస్త." గడప దాకా లాగాను. అక్క చిన్నపిల్లలా నేలమీద కూలబడి బరువంతా కిందికి వేసింది. గాజు పగిలింది.

"ఇడువు రాజీ. నన్ను అడిగినవా?"

అరవలేదు. మెల్లగానే అంది.

మే 5

అక్క మాట్లాడదు. నేనూ మాట్లాడను. మణికట్టు మీద ఎర్రటి గీత, కొంగుతో కప్పుకుంటోంది.

"నన్ను అడిగినవా?" — కరపత్రాలన్నీ తిరగేశాను. మేల్కోండి అని ఉంది. తెంచండి అని ఉంది. ఈ మాట ఒక్కదాంట్లోనూ లేదు.

మే 6

అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. నావైపు చూడకుండా, చింతపండుతో చెబుతున్నట్టు —

"నేను పుట్టినింట్ల గూడ గిసొంటి గది ఉంటుండె. మా తమ్ముడు మొన్న ఇల్లు కొత్తగ కట్టిండు. ఆ గది ఎట్ల కట్టిండో, ఏమో. నాకేమెరుక."

"మరి బాధ లేదా నీకు?"

"లేదని ఎవలన్నరు?"

గింజలు చేటలో పడుతున్న చప్పుడు. అమ్మకు కూడా ఒక గది పోయిందని నాకెప్పుడూ తట్టలేదు. అమ్మ ఈ ఇంట్లోనే పుట్టినట్టు...

మే 8

ఇది మొత్తం రాయాలి.

నేను లోపలి గదిలో గుమ్మి ఖాళీ చేస్తున్నాను, వడ్లు బస్తాల్లోకి. అక్క ఇంటి వెనక, అదే గోడకు బయటివైపు వీపు ఆనించి కూర్చుంది. గాజుల చప్పుడుతో తెలిసింది. మధ్యలో మట్టి గోడ.

"రాజీ."

గొడవయ్యాక ఇదే మొదటి మాట.

"ఏంది?"

"లోపల ఎట్లున్నది ఇప్పుడు?"

"ఎట్లుంటది. చీకటి."

"చీకటి నాకెరికే. చెప్పు."

చెప్పాను. గుమ్మి, ఉట్టి, చాప. అంతే అయిపోయింది.

"గంతేనా? జనాభా లెక్కలోళ్ల తీర్గ చెప్తన్నవ్. నిదానంగ చెప్పు, నేను కండ్లు మూసుకున్న."

మళ్లీ మొదలుపెట్టాను. గుమ్మి అడుగున పేడపూత పెచ్చులు లేచిందని. వాసానికి విత్తనం మొక్కజొన్నలు వేలాడుతున్నాయని, కింది కంకి ఎలుక తినేసిందని. తలుపు మూస్తే ఇప్పటికీ ముసలామె దగ్గినట్టే చప్పుడని. అక్క ఊ కొడుతోంది. ఉట్టి తాడు కొత్తదని. దాని కింద నేల ఇంకా చల్లగా ఉందని. గుమ్మి పక్కన, మనం పడుకున్న చోట, నేల కాస్త గుంట పడిందని. "నీ దిక్కే ఎక్కువ పడ్డది అక్కా."

"నువ్వే గదనే లావుండేది. నా దిక్కెందుకు పడ్తది?"

"నువ్వు కదిలేదానివి కాదు. నేను లేస్తనని."

గోడ అవతల ముక్కు చీదిన చప్పుడు.

"నీ కిటికీ ఉన్నదా?"

వెతికాను. లేదు. అక్క వెళ్లాక అమ్మ ఏటా మొత్తం అలికేస్తూ వచ్చింది. చేత్తో తడిమితే ఒకచోట చిన్న సొట్ట. చెంబుతో నీళ్లు తెచ్చి తడిపాను. బొటనవేలు పట్టలేదు — వేలు పెద్దదైంది. చిటికెన వేలితో గెలికాను. పొర తర్వాత పొర, పండగ తర్వాత పండగ. మట్టి అవతలికి రాలింది. సన్నటి వెలుగు, అందులో దుమ్ము. అంతలోనే ఆగిపోయింది. అక్క కన్ను.

"ఏం కనబడ్తంది?"

"ఏం లేదు. నువ్వే అడ్డమున్నవ్."

మే 10

పొద్దున నాయన స్నానం చేసి, తడిబట్టతోనే కుండను ఉట్టితో సహా మోసుకెళ్లి చిన్నాయన ఇంట్లో పెట్టాడు. మా గట్టే కాబట్టి పరవాలేదట. దారంతా ఎవరితోనూ మాట్లాడలేదు. "తిన్నవా" కూడా లేదు.

తర్వాత పెంకులు దించారు. లోపలి గదిలోకి ఎండ పడింది.

ఎంత చిన్నది! గోడల నిండా బూజు. ఇందులోనా మేమిద్దరం పడుకున్నది, దాగుడుమూతలు ఆడింది? ఎవరో ఆ గది బట్టలు విప్పేసినట్టు నాకే సిగ్గేసింది.

వెనక్కి వెళ్లాను. అక్క కన్నానికి కన్ను ఆనించి నిలబడి ఉంది. ఒంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టి. చాలాసేపు. నేను పిలవలేదు.

బిందెతో అమ్మ వచ్చింది. చూసింది. నేను యుద్ధానికి సిద్ధం — "చూడొద్దని ఎక్కడన్న —"

"నేనేమన్న అన్ననా?"

బిందె దించి, మూలనున్న గంప బోర్లించి అక్క వెనక పెట్టింది. "ఒంగి ఒంగి నడుములు పోతయి. కూసోని చూడు."

మే 11

"పైన కప్పు లేదు, లోపల కుండ లేదు. ఇంకేం గది? ఇప్పుడన్నా రా" అన్నాను. ఈసారి చేయి పట్టుకోలేదు. మాటతోనే.

"గడప ఉన్నది గదా" అంది అక్క.

మే 12

గడపమాను నాయన గడ్డపారతో పెకిలించి పక్కన పెట్టాడు, కొత్త ఇంటికి పనికొస్తుందని. గోడలు తోసేశారు. కన్నం ఉన్న గోడ మిగతా గోడల్లాగే పడిపోయింది.

ఈ మట్టే పునాదిలో నింపాలి. అందరం పక్కకు మోసి కుప్ప పోస్తున్నాం. నేను పార, అక్క తట్ట. అన్నాల దగ్గర కూర్చున్నాక గానీ తట్టలేదు — పొద్దుటి నుంచి అక్క లోపలి గదిలోకే వస్తోంది, పోతోంది. నెత్తిన మట్టితో. అమ్మ ఎదురుగానే. ఎవరూ ఏమీ అనలేదు.

తనకు తెలుసా, పనిలో మరిచిపోయిందా అనుకున్నాను. తెలుసు. అన్నం తిన్నాక చూశాను — మేం పడుకున్న గుంట దగ్గర పార అడగలేదు. కూర్చుని, రెండు చేతులతో తోడి తట్టలోకి ఎత్తుకుంది.

గది పోయాకే అక్క గదిలోకొచ్చింది. మట్టి మోయడానికి.

నేను అనుకున్న విజయం ఇలా ఉండదు.

మే 14

బోనకల్ నుంచి పాల్ మేస్త్రి వచ్చాడు. ముందు జాగా మూలన నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. అమ్మ అది పూర్తయ్యేదాకా పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. "మంచిదే. ఆయన దేవున్ని ఆయన అడిగిండు."

తర్వాత మేస్త్రి ముగ్గు గిన్నె పట్టుకుని — "పాపా, నువ్వేమో మూడు గదులు గీసినవ్. మీ అమ్మ నాలుగంటంది. మీ నాయనేమో రెండుసార్లూ అవ్ అన్నడు. నేనెవరి మాట వినాలె? జల్దీ చెప్పున్రి, గాలొస్తే ముగ్గు నిలవదు."

అందరూ నన్నే చూస్తున్నారు. నోటిదాకా వచ్చింది, ఆగాను.

"అక్కా. నీకేం కావాలె?"

"అబ్బో, నన్ను అడుగుతన్నవా?" నవ్వింది. తర్వాత నవ్వలేదు. "గది ఉండాలె."

"నువ్వు రాలేని గదా?"

"గది లేకుంటే నేను దేని బయట కూసోవాలె? నా అత్తగారింట్ల నాకో గది ఉన్నది రాజీ. పొద్దున లేస్తే ఊడుస్త, దీపం పెడ్త. నీకు చూపియ్యలేను. నువ్వు ఆ గడప దాటొద్దు. నా గది నీకు లేదు, నీ గది నాకు లేదు. అయితే..." మేస్త్రి వైపు తిరిగింది. "దీనికి కిటికీ పెట్టు అన్నా. వెనక దిక్కు. కన్ను పట్టేది గాదు, మొకం పట్టేది."

పెద్దల గదికి కిటికీ! మా ఊళ్లో ఏ ఇంటికీ లేదు. నాయన అమ్మను చూశాడు. అమ్మ భూమిని చూసింది.

"పెద్దలను అడగాలె" అంది అమ్మ చివరికి.

అమ్మా నాయనా చిన్నాయన ఇంటికి వెళ్లారు. కుండ ముందు వడ్లగింజలు పిడికెడు వేసి జతలు జతలుగా తీస్తారు. అన్నీ జతపడితే అవ్. ఒంటి గింజ మిగిలితే కాదు.

గింజలు! మొన్నటి నేనైతే కుండ ముందే ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

మేస్త్రి గదికి నాలుగు వైపులా ముగ్గు పోశాడు. వెనక గోడ గీతలో ఒక మొహమంత సందు వదిలి బీడీ ముట్టించాడు. "అవ్ అంటే ఇట్లనే ఉంటది. కాదంటే కలిపేస్త. ఎంతసేపు పని."

గడపమాను మీద కూర్చుని రాస్తున్నాను. నాకూ పెళ్లి చేస్తారు ఒకరోజు. అప్పుడు నేనూ గోడకు బయటివైపే. ఆ కిటికీ అక్క ఒక్కదానికే కాదని ఎవరికీ చెప్పలేదు. అక్కకు తెలుసనుకుంటా.

పడమట మబ్బు. గాలి లేచింది. ముగ్గు కదులుతోంది. అక్క వచ్చి ఆ సందు దగ్గర గాలికి వీపు పెట్టి, చీర కుచ్చిళ్లు రెండు చేతులా పరిచి పట్టుకుని నిలబడింది.

చిన్నాయన ఇంటివైపు నుంచి ఇంకా ఎవరూ రావడం లేదు. జతలు, జతలు, జతలు... ఒంటిది మిగలొద్దు.