బావగారి ఏడు మరుపులు

ఫిబ్రవరి 3, సోమవారం

అక్క కెనడా ఆ చివర కాల్గరీ వెళ్ళింది, కూతురి పురిటికి. మూడు నెలలు బావగారు మిల్టన్‌లో మా ఇంట్లోనే. డెబ్భై ఏళ్ళ షుగర్ మనిషి, నీ వేషాలు కాస్త తగ్గించవే దుర్గా అని ఎయిర్‌పోర్ట్‌లో అక్క హెచ్చరిక. తల ఊపాను. ఊపడానికేం.

వాళ్ళ పెళ్ళిలో బావగారి చెప్పులు దాచినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మరదలికి అది హక్కు. దానికి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఇవాళ ఆయన కళ్ళజోడు బియ్యం డబ్బాలో పెట్టా. ఇదివరకైతే రెండు నిమిషాల్లో దుర్గా అని కేకేసేవారు. ఈసారి గంటసేపు నోరెత్తకుండా వెతుక్కున్నారు. మజా రాలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

క్లినిక్. షుగర్ ఉన్న పెద్దవాళ్ళ మెదడు మీద రీసెర్చ్. అక్క లేదు కాబట్టి నేను బావగారి స్టడీ పార్ట్‌నర్‌ని. పదో తరగతి రెండుసార్లు తప్పినదాన్ని, రిటైర్డ్ ఇంజనీరు జ్ఞాపకశక్తి ఎలా ఉందో ఫారాలు నింపాలి.

కోఆర్డినేటర్ అమృత ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగులో మొదలెట్టి ఇంగ్లీషులో తేలుతుంది. మెదడులో ఒక కణం కబురు ఇంకో కణానికి మోసేది గ్లూటమేట్ అట. షుగర్ వల్ల ఆ కబురు అరుపైపోతుందేమో, వాళ్ళు రోజూ వేసుకోమని ఇచ్చే షుగర్ మాత్ర దాన్ని నెమ్మది చేస్తుందేమో, స్కాన్ తీసి చూస్తారట. ఇంకా ఎవరికీ తెలీదట, అందుకే చూడటం. ఆ అరుపు ఫోన్‌లో మా అక్క లాంటిదన్నమాట అన్నాను. స్కాన్ గదిలోకి వెళ్తూ కూడా బావగారు నవ్వారు.

ఇంటికొచ్చి అజినమోటో పొట్లం చెత్తలో పడేశా. దాని మీదా గ్లూటమేట్ అనే ఉంది. కూరలోది తలకి అంత తేలిగ్గా ఎక్కదని బావగారు అరగంట క్లాసు పీకారు.

ఫిబ్రవరి 12, బుధవారం

టీవీ రిమోట్ ఫ్రీజర్‌లో. ఎడమ కాలి స్నో బూటు డ్రయ్యర్‌లో. కేక లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

బావగారు కారు తాళాలు నా చేతిలో పెట్టారు. ఇక డ్రైవ్ చేయరట. మరి నన్ను స్టోర్‌లో ఎవరు దింపుతారు అన్నాను. బస్సు అన్నారు. నవ్వలేదు.

ఫిబ్రవరి 21, ఉదయం 6:40

ఆయన స్నానంలో ఉన్నారు. దుప్పటి మారుస్తుంటే దిండు కింద చిన్న నోట్‌బుక్. చదవకూడదు. చదివాను.

నా మరుపులు అని హెడ్డింగ్, కింద స్కేలు పెట్టి గీత. ఒకటి కళ్ళజోడు, రెండు రిమోట్, మూడు బూటు, అలా ఆరు. ఆరూ నా పనే. ఏడోది: మంగళవారం మాత్ర వేసుకున్నానని అమృతకి చెప్పాను, డబ్బాలో అలాగే ఉంది.

చివర ఒక లైను. కుమారికి ఇప్పుడే చెప్పొద్దు, మనవరాలితో నాలుగు రోజులు నవ్వుకోనీ.

కుమారి మా అక్క. ఈ మనిషికి నా మీద అనుమానమే రాలేదు. తన మీదే వచ్చింది.

మాత్రల డబ్బా నేను ముట్టను. మా అమ్మ షుగర్‌తోనే పోయింది.

అదే రోజు, 8:15

ఉప్మా ముందు పెట్టి చెప్పేశా, ఏడూ నేనే చేశానని. మాత్ర కూడానా అన్నారు. కూడానే, మీరు వేసుకున్నాక ఇంకోటి తెచ్చి డబ్బాలో మంగళవారం గడిలో పెట్టానన్నాను. చాలాసేపు నా మొహం చూశారు. తర్వాత గాడిదా అన్నారు. నలభై ఏళ్ళలో ఆయన నన్ను తిట్టడం ఇదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో.

ఉప్మా మళ్ళీ పెట్టించుకున్నారు. తాళాలు అడిగితే కనిపించట్లేదన్నాను. నా కోటు జేబులోనే ఉన్నాయి.

ఫిబ్రవరి 26, బుధవారం

బావగారు స్కాన్‌లో ఉండగా అమృతకి నిజం చెప్పాను. ఆరు నావి, ఏడోది కాదు. ఆ పిల్ల ముందు నోరు తెరిచింది, తర్వాత పాత ఫారాలు కొట్టేసి కొత్తవి ఇచ్చింది. డాక్టర్‌ని పిలిచింది. ఒక్క మాత్ర మర్చిపోవడం ఎవరికైనా ఉంటుందట, వచ్చే నెల మళ్ళీ టెస్ట్ చేస్తారట, అందాకా కారు నడపొచ్చట.

పార్కింగ్‌లో తాళాలు దొరికాయి.

మార్చి 1, శనివారం

ఫ్రిజ్‌లో అట్లపిండి గిన్నె మీద నా కుడిచేతి గ్లవ్. లోపల చీటీ, ఇంజనీరు రాత. మాత్రలతో నువ్వు ఆడవు. ఏడోది నాదే. ఎనిమిదోది కూడా.

రెండు నిమిషాలు కూడా ఆగలేదు, బావగారూ అని కేకేశాను.