విప్పని పెట్టె

నాన్నగారికి నమస్కారాలు. పేపరు చూసి కంగారుపడకండి, నేను బాగానే ఉన్నాను.

రాష్ట్రంలోని మిగతా నియోజకవర్గాలన్నింటి ఫలితాలూ మధ్యాహ్నానికే వచ్చాయి. మాది ఒక్కటే ఆగింది, ఆపింది నేనే. నా లెక్కింపు బల్ల మీద ఇంకో ఓట్ల పెట్టె ఉండగానే, అది విప్పకుండా సంతకం చేయమన్నాడు పై అధికారి. "లెక్కపెట్టాకే చేస్తానండీ" అన్నాను. "టీచరమ్మా, ఉద్యోగం మీద ఆశ లేదా?" అన్నాడు. కలం మూసి కూర్చున్నాను. చివరికి వాళ్లకు పెట్టె విప్పక తప్పలేదు. గెలిచానని దండలు వేయించుకున్న మనిషి తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు.

నన్ను మారుమూల బడికి బదిలీ చేశారు. క్షమాపణ రాసిస్తే ఆపుతారట. రాయను.

చెల్లి జ్వరం తగ్గిందా? పక్కన రాసిన కొత్త చిరునామాకు నా గొడుగు పంపండి. అమ్మకు ధైర్యం చెప్పండి. ఇలాంటివి కవరులో రాయాలని బాబాయి విసుక్కుంటాడు. పోస్టుమాన్‌తో సహా అందరూ చదవాలనే కార్డు మీద రాశాను.

మీ పెద్దమ్మాయి