అచ్చయ్యాక చెబుదామనుకున్న మాట

మంగళవారం.

కొత్తపేట రైతు సూరిబాబు కుడికన్ను పోయింది. కోతల్లో వరి ఆకు గీరుకుంటే మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వారంపాటు వేసుకున్నాడు. ఆ చుక్కలతో కంట్లో ఫంగస్ ఇంకా పెరుగుతుందని, నా దగ్గరకొచ్చే రైతుల కళ్లు చూసి, ఏళ్ల తరబడి రాసుకున్నాను. అదంతా వ్యాసంగా వైద్య జర్నల్లో అచ్చయ్యాక షాపులవాళ్లకీ, తోటి డాక్టర్లకీ చెబుదామని ఊరుకున్నాను. ముందే చెబితే ఇంకెవరో తమ పేరు పెట్టుకుంటారని భయం. సిగ్గుమాలిన భయం.

“ఈ చుక్కలు ఎయ్యకూడదని మీకు ముందే తెలుసాండీ?” అని అతని భార్య అడిగింది.

“తెలుసమ్మా.”

“ఆయ్” అంది. మొగుణ్ణి చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

సాయంత్రం జర్నల్ వాళ్ల జవాబు వచ్చింది. వ్యాసం బాగుందట. ఇంకొన్ని కేసులు చేర్చమన్నారు.

సూరిబాబు ఫైలు బల్ల మీదే ఉంది...