కుర్చీ వేశారు, ఇల్లు ఇవ్వలేదు

జూన్ 3, మంగళవారం

కొత్త ఉద్యోగంలో మొదటిరోజు. ఆఫీసంటే కళ్లద్దాల దుకాణం మీద రెండు గదులు. ఒక గదిలో పెద్దావిడ, అంటే డైరెక్టర్. రెండో గదిలో లెక్కలాయన, ఆయన కంప్యూటర్, మిగిలిన చోట్లో నేనూ టీచరమ్మా. ఆవిడ పాఠాలు చెప్పే బడి మూసేశాక ఇక్కడ చేరిందట.

పనేమిటో వింటే నవ్వొచ్చింది. అద్దె ఇళ్లు చూడటం! ఒకే ఇంటికి అరగంట తేడాతో ఇద్దరం వెళ్లాలి. ఇద్దరం చెప్పేదీ ఒకటే కథ. ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, ఒకే జీతం, భర్త, ఒక్క కూతురు. తేడా మనిషిలోనే. టీచరమ్మది మూడు తరాల కిందట గనుల పనికి ఓడల్లో తెచ్చినవాళ్ల జాతి. ఇప్పటికీ వంతెన అవతలే ఉంటారు. ఒళ్లు నలుపు, పేరు చెప్పగానే తెలిసిపోతుంది. నాది చామనఛాయ. నా పేరు విని ఎవరూ కనుబొమ్మ ఎత్తరు.

మొత్తం యాభై నాలుగు ఇళ్లు. ఆ తర్వాత రిపోర్ట్. అది చూసి కౌన్సిల్ ఒక రూల్ పెట్టాలట. ఖాళీ ఇల్లు ఏదైనా రిజిస్టర్లో రాయాలి, ముందు అడిగినవాళ్లకే ముందు ఇవ్వాలి.

కాగితాలు చూసి మనుషులు మారతారా? నాకు నమ్మకం లేదు. ఒకటో తారీకు జీతం మీద మాత్రం ఉంది.

జూన్ 5, గురువారం

మొదటి ఇల్లు. టీచరమ్మ ముందు వెళ్లింది. నేను బస్టాపులో కూర్చున్నాను. ఆవిడ నా ముందునుంచే వెళ్లిపోయింది, చూడలేదు. చూడకూడదని రూలు.

యజమాని నాకు మూడు గదులూ చూపించాడు. కుళాయి తిప్పి నీళ్ల ధార చూడమన్నాడు. మీ పాపకి స్కూలు కూడా దగ్గరేనమ్మా అన్నాడు. లేని పాపకోసం నేను సంతోషపడ్డాను.

సాయంత్రం ఇద్దరి ఫారాలూ పక్కపక్కన పెట్టారు. ఆవిడ దాంట్లో ఒక్కటే ముక్క: నిన్ననే ఇచ్చేశాం అన్నారు.

ఆవిడ కటువుగా అడిగిందేమోనని లెక్కలాయనతో అన్నాను. ఒక్క ఇంటిని పట్టుకుని నువ్వూ ఏమీ అనకు, నేనూ అనను, ఆగు అన్నాడు.

ఇంట్లో చెబితే అక్క నోరు వెళ్లబెట్టింది. బావ మాత్రం, కాళ్లరిగే ఉద్యోగం పట్టావు మరదలా, ఎప్పుడు ఏ వీధో చెబుతూ ఉండు, నా పని అటువైపుంటే బండి మీద దింపుతా అన్నాడు. బావ నీళ్ల మోటార్లు బిగిస్తాడు. ఊళ్లో సగం మేడలెక్కినవాడు.

జూన్ 11, బుధవారం

పదిహేడు ఇళ్లయ్యాయి. పదింట్లో ఆవిడకి ఇచ్చేశాం అన్న ఇల్లు, అరగంటకి నాకు ఖాళీ. ఒకచోట మీవాళ్లు ఒకళ్లొస్తే పదిమంది దిగుతారు కదా అని మొహాన్నే అన్నారట. ఇంకోచోట గేటు కూడా తియ్యలేదు.

టీచరమ్మ ఇవన్నీ గుండ్రటి అక్షరాలతో రాస్తుంది, కొట్టివేత ఒక్కటి లేకుండా. చెయ్యి వణకదు. నాకు అదే అనుమానం. మనిషన్నాక కోపం రాదా? వస్తే ఎక్కడ దాస్తోంది?

జూన్ 19, గురువారం

ముప్ఫై ఎనిమిది. అందులో ఇరవై మూడు అబద్ధాలు. లెక్కలాయన ఇప్పుడు ఆగమనటం లేదు. రేపటినుంచి గడియారస్తంభం వెనక వీధులు, పదహారు ఇళ్లు. అక్కడుండేవాళ్లు మరీ ఘనులని పెద్దావిడ అంది.

జూన్ 24, మంగళవారం

ఏదో జరిగింది.

శుక్రవారం నుంచి చూస్తున్నాను. ప్రతి ఇంట్లోనూ టీచరమ్మకి గదులు చూపిస్తున్నారు. కుర్చీ వేస్తున్నారు. ఒకాయన పైపంచెతో కుర్చీ తుడిచాడట. ఊళ్లో మంచితనం ఒక్కసారిగా పుట్టుకొచ్చిందా?

ఇవాళ నేను గేటు దగ్గర నిలబడగానే ముసలాయన ఎదురొచ్చి, మీరు రెండో ఆవిడ కదూ, రండి రండి అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు. మరోరోజైతే పెళ్లికాని దాన్ని పట్టుకుని రెండో ఆవిడ అంటాడేమిటని నవ్వేదాన్ని. ఇవాళ నవ్వు రాలేదు.

మేం వస్తున్నట్టు వాళ్లకి తెలుసు. ఎవరు ముందో కూడా తెలుసు.

ఏ ఇల్లు ఎప్పుడో తెలిసింది నలుగురికే. పెద్దావిడ చెప్పుకోదు, ఈ రిపోర్ట్ ఆవిడ ప్రాణం. లెక్కలాయనకి మనుషులతో మాట్లాడే అలవాటే లేదు. నేను కాదు. ఇక మిగిలింది?

జూన్ 25, బుధవారం

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. రుజువు దొరికాక చెబుతాను.

జూన్ 27, శుక్రవారం

టీచరమ్మ మెట్ల మీద ఫోన్లో మాట్లాడుతోంది. నన్ను చూసి గొంతు తగ్గించింది. ఆదివారం వస్తానండీ అనటం మాత్రం వినబడింది. ఆ తర్వాత నాకు సగం చపాతీ పెట్టింది. తిన్నాను.

జూన్ 29, ఆదివారం

గడియారస్తంభం దగ్గర మందుల షాపుకని వెళ్లాను. మందుల కోసం కాదు, ఎందుకు రాయాలి అబద్ధం. గంటన్నర నిలబడ్డాను. టీచరమ్మ మూడో వీధిలో ఒక ఇంట్లోంచి వచ్చింది. గేటుదాకా ఇంటావిడ సాగనంపింది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు.

దొరికింది.

జూన్ 30, సోమవారం

ఇవాళ్టితో పదహారూ అయిపోయాయి. చివరింట్లో కూడా ఆవిడకి కుర్చీ, మంచినీళ్లు, మేడ మీదికి తీసుకెళ్లి చూపించటం.

మధ్యాహ్నం ఆవిడ టిఫిన్ డబ్బా కడుక్కోవటానికి వెళ్లినప్పుడు ఆవిడ సంచి తీశాను. లోపల చిన్న నోట్‌బుక్. అదే గుండ్రటి రాత. తొమ్మిది అడ్రసులు, తేదీలు. పక్కన ఒక్కో మాట. బంధువులొస్తున్నారు. రిపేరుంది. ఇచ్చేశాం. చివరిది నిన్నటిది, ఆ మూడో వీధి ఇల్లు: ఆలోచించి చెబుతాం.

అవి మా లిస్టులో ఇళ్లు కావు. ఆవిడ కోసం ఆవిడ వెతుక్కుంటున్నవి. ఒక పేజీలో మున్సిపాలిటీ నోటీసు మడిచి ఉంది. వంతెన వెడల్పు చేస్తారట, ఆవిడ ఇల్లు సెప్టెంబర్లో పోతుంది. రోజంతా ఆఫీసు కోసం కాదనిపించుకుని, సాయంత్రాలూ ఆదివారాలూ తన కోసం కాదనిపించుకుంటోంది.

తలెత్తితే గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో తడి డబ్బా. అడిగితే చూపించేదాన్ని కదమ్మా అంది. సంచి తీసుకుని బల్లకి తన వైపు పెట్టుకుంది.

జూలై 1, మంగళవారం

అన్నం తింటుంటే బావ అడిగాడు, ఇక ఏ వీధులు మరదలా అని. అయిపోయాయి బావా అన్నాను.

అయ్యో, అలాగా! మూడో వీధి డాబా ఇంటాయనకి చెప్పి ఉంచానే, ఆయన పాపం కుర్చీలు కడిగించి కూర్చున్నాడు, మీరు రానే లేదట అన్నాడు.

ఏం చెప్పావు బావా అని అడిగాను. దాపరికం లేకుండా చెప్పాడు. ఒకాయన మోటారు బాగుచేస్తూ, మా మరదలు వస్తుంది, దానికంటే ముందు ఒక వంతెన అవతలి ఆవిడ వస్తుంది, ఇద్దరినీ మర్యాదగా చూడండి అన్నాడట. ఆయన పక్కాయనకి చెప్పాడు. పక్కాయన యజమానుల సంఘంలో చెప్పాడు.

నేను తలపట్టుకుంటే బావ నొచ్చుకున్నాడు. ఇందులో నా తప్పేముంది? మంచిగా ఉండమనేగా చెప్పాను, మీకు కావలసిందీ అదేగా అన్నాడు. అక్క, అవును మరి అంది.

నాన్న పోయాక నన్ను చదివించినవాడు బావ. రోజూ ఆయన అడిగాడు, రోజూ నేను చెప్పాను. లిస్టు మడిచి ఫ్రిజ్ మీద పెట్టింది కూడా నేనే.

జూలై 2, బుధవారం

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నలుగురిలో నన్నొక్కదాన్నే అనుమానించలేదు నేను.

జూలై 3, గురువారం

ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పేశాను. పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత మెల్లగా, ఆ పదహారూ తీసేద్దాం, ముప్ఫై ఎనిమిదితోనే రిపోర్ట్ ఇద్దాం, ఎందుకు తగ్గాయని ఎవరడుగుతారు అంది.

ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే ఆవిడ మీదా అనుమానం వచ్చింది. ఇంకేమేం తీసేసి ఉంటుంది ఇన్నేళ్లలో?

లెక్కలాయన ఒప్పుకోలేదు. తీసెయ్యొచ్చు మేడం, కానీ ఎందుకు తీసేశామో రాయాలి, రాయకుండా తీసేస్తే మనం కూడా నిన్ననే ఇచ్చేశాం అన్నట్టే అన్నాడు. అంత పొడవు మాట ఆయన నోట వినటం అదే మొదలు.

టీచరమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

జూలై 8, మంగళవారం

లెక్కలాయన పొద్దున్నే పిలిచాడు. ప్రతి యజమానికీ మేం ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేవాళ్లం, ఆఫీసు ఇచ్చిన ఫోన్లవి. ఆ ఫోన్లకి వచ్చిన కాల్స్ అన్నీ తీశాడు.

ముందే తెలిసిన పదహారు ఇళ్లలోనూ ఆవిడకి గదులు చూపించారు. తర్వాత నాకు పదకొండు మంది ఫోన్ చేశారు, ఎప్పుడు దిగుతారమ్మా అని. ఆవిడకి ఒక్కరు. ఆ ఒక్కరూ, మా ఇంట్లో మీకు మర్యాద బాగా జరిగిందని రాసుకున్నారు కదా అని కనుక్కోవటానికి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారు అన్నాడు లెక్కలాయన. తప్పని తెలియకపోతే కుర్చీలు ఎందుకు కడుగుతారు? చెడిపోయిందనుకున్న డేటాయే ఎక్కువ మాట్లాడుతోంది అన్నాడు. కాకపోతే అది ఎలా చెడిందో కౌన్సిల్లో ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి.

ఎవరో ఒకరంటే నేనే. ఈ ఎత్తు నాచేత చెప్పించటానికే పన్నాడా అని కూడా ఒక క్షణం అనుకున్నాను. నా బుద్ధి అంతే.

జూలై 21, సోమవారం

రేపే. అక్క గదిలోకొచ్చి తలుపు వేసింది. చెప్పేదేదో చెప్పుకో, బావ సంగతి ఎత్తకు, ఆ వీధులే ఆయనకి అన్నం పెడుతున్నాయి అంది. పేరు చెప్పను అన్నాను. ఈ ఊళ్లో నీకు బావలు ఎంతమందే అంది.

జూలై 22, మంగళవారం

కౌన్సిల్ హాలు అనుకున్నదానికంటే చిన్నది. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువ. వెనక వరసలన్నీ యజమానుల సంఘం. ముసలాయన కూడా ఉన్నాడు, నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

సంఘం లాయరు లేచి మా రిపోర్టే చదివాడు. గడియారస్తంభం వీధుల్లో పదహారుకి పదహారు ఇళ్లు చూపించామని మీరే రాశారు, ఇక మావాళ్లు రంగు చూశారని ఎలా అంటారు అన్నాడు. చప్పట్లు కొట్టారు.

నన్ను లేవమన్నారు. మేం వస్తున్నట్టు వాళ్లకి ముందే తెలుసండీ అన్నాను. ఎలా తెలుసని అధ్యక్షురాలు అడిగింది. నేను ఇంట్లో చెప్పాను, మా బావ బయట చెప్పాడు అన్నాను. వెనక ఎవరో, మోటార్లాయన మరదలా అన్నారు. వినబడనట్టు నిలబడ్డాను. ఫోన్ల లెక్క చదివాను. తెలియనప్పుడు ఇరవై మూడు ఇళ్లు ఖాళీగా ఉండి కూడా లేవన్నారు. తెలిసినప్పుడు కుర్చీ వేశారు, ఇల్లు ఇవ్వలేదు. అంతే చెప్పి కూర్చున్నాను. ఈసారి చప్పట్లు లేవు.

రిజిస్టర్ రూలుకి ఏడుగురు అవునన్నారు, ఆరుగురు కాదన్నారు. అదీ ఊరంతా కాదు. రెండు వార్డుల్లో, ఒక్క ఏడాది, ట్రయల్.

మెట్లు దిగుతుంటే టీచరమ్మ పక్కకొచ్చింది. మెచ్చుకుంటుందనుకున్నాను. నా సంచి సంగతి కూడా చెప్పి ఉండాల్సిందమ్మా అని బస్సెక్కేసింది.

నిజమే. బావ తప్పు నిండు సభలో చెప్పాను. నాది డైరీలో రాసుకున్నాను.

జూలై 30, బుధవారం

గడియారస్తంభం వీధులనుంచి బావకి ఒక్క పిలుపు లేదు. ఆయన కేకలు వెయ్యలేదు. అన్నం దగ్గర నన్నేమీ అడగటం లేదు, అంతే. నా గిన్నెలో కూర మాత్రం ఎప్పటిలాగే ముందు వడ్డిస్తున్నాడు. అది భరించలేకపోతున్నాను. వేరే ఇల్లు చూసుకుంటాను అక్కా అన్నాను. అక్క వద్దనలేదు.

ఆఫీసులో నన్ను ఫీల్డ్ పనినుంచి తీసేసి ఫైళ్ల దగ్గర కూర్చోబెట్టారు. టీచరమ్మ దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను, అందరూ ఉండగానే, సంచి సంగతి చెప్పి. సరే అంది. సరే అంటే ఏమిటో తెలియలేదు.

ట్రయల్ వార్డు రిజిస్టర్లో ఆవిడ పేరు నాలుగోది. వరస ప్రకారమే ఇస్తారా? వారానికోసారి వెళ్లి చూసి వస్తాను.

ఆగస్టు 10, ఆదివారం

ఇల్లు దొరికింది. రెండు గదులు, గాలి బాగా వస్తుంది. ట్రయల్ వార్డు కాదు. చూసిన పది నిమిషాలకే తాళం చేతిలో పెట్టారు. నాకంటే ముందు ఇంకెవరైనా అడిగారా అన్నాను. ఎవరూ రాలేదమ్మా, అసలు ఎవరూ రాలేదు అన్నాడు యజమాని.

ఒక్కసారే చెప్పి ఉంటే నమ్మేదాన్ని.