బోర్లా పట్టు

2011 ఆగస్టు 1, సోమవారం

కొత్త బ్యాచ్. ఏడుగురు. సెక్యూరిటీ ఏజెన్సీ ఓనరు శ్రీనివాసప్ప వచ్చి సిలబస్ పుస్తకం చేతిలో పెట్టిపోయాడు. మొత్తం ఇంగ్లీషు. నూట అరవై గంటలు నేర్పాలట. ఇప్పుడు సర్టిఫికెట్ లేనివాడిని బెంగళూరు పబ్బుల వాళ్ళు గుమ్మం దగ్గర నిలబడనివ్వడం లేదు.

పదేళ్ళ క్రితం బంగారు మైన్ మూసేసినప్పుడు నా దగ్గర మిగిలింది ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఒక్కటే. దాన్ని చూసే శ్రీనివాసప్ప నన్ను ట్రైనర్‌ని చేశాడు. నేనేమో ఇంతవరకు పబ్బు గుమ్మం తొక్కినవాణ్ణి కాదు.

బ్యాచ్‌లో మారప్ప అని ఒకడున్నాడు. ఆవని దగ్గర పట్టుపురుగులు మేపేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. తలుపంత మనిషి, మాట మాత్రం మెత్తన. తాగినోణ్ణి కొట్టకుండా బయటికి పంపేది ఎట్ల సార్ అని మొదటి రోజే అడిగాడు. మిగతావాళ్ళు నవ్వారు. నాకు నచ్చాడు.

ఆగస్టు 4

నిలబడటం నేర్పాను. అవతలివాడి మొహం కాదు, చేతులు చూడమన్నాను. మారప్ప అన్నీ నోట్సు రాసుకుంటున్నాడు.

ఆగస్టు 10

తొమ్మిదో రోజు. గొడవ చేసేవాణ్ణి పట్టుకోవడం. పుస్తకంలో దీనికే నాలుగు పేజీలున్నాయి. చదవలేదు. ప్రాణం పోకుండా మనిషిని పట్టుకోవడం నాకు ఇంకొకడు చెప్పాలా?

ఎనభై నాలుగులో మైన్ లోపల బ్లాస్టింగ్ పొగకు నాతో పనిచేసే చౌడప్ప పడిపోయాడు. బోర్లా పడుకోబెట్టి, వీపు నొక్కి వదిలి, నొక్కి వదిలి ఊపిరి తెప్పించింది నేను. అప్పుడు ఫస్ట్ ఎయిడ్ అంటే అదే. పోటీల్లో మా టీముకు షీల్డు కూడా వచ్చింది. చౌడప్ప ఈ రోజుకీ మారికుప్పం స్టేషన్ దగ్గర టీ తాగుతూ నన్ను చూసి దండం పెడతాడు.

అందుకే అదే నేర్పాను. బోర్లా పడేయండి, వీపు మీద మోకాలు ఆనించండి, కదలడం మానేదాకా వదలకండి. వాంతి అయినా బయటికే పోతుంది. ఊపిరాడకపోతే ఎట్ల సార్ అని మారప్ప అడిగాడు. బోర్లా ఉంటే ఊపిరి పోదప్పా, వస్తాది, నేను చేసి చూసినాను అన్నాను. రాసుకున్నాడు. పాఠాల రిజిస్టర్లో నేనూ రాశాను: బోర్లా పట్టు, వీపు మీద మోకాలు. కింద సంతకం.

ఆగస్టు 27

సర్టిఫికెట్లు ఇచ్చాము. మారప్ప నా కాళ్ళకు మొక్కాడు. సోమవారం నుంచి డ్యూటీ, మారికుప్పం ట్రైన్‌లో పోయి వస్తాడట.

సెప్టెంబర్ 6

మారప్ప ఫోన్ చేశాడు. ఇంతవరకు ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదు సార్, మాటతోనే అయిపోతా ఉండాది అన్నాడు.

సెప్టెంబర్ 18, ఆదివారం, ఉదయం 9

శ్రీనివాసప్ప ఫోన్ చేశాడు. రాత్రి మారప్ప పనిచేసే పబ్బు దగ్గర ఒకడు చనిపోయాడట. ఇరవై ఆరేళ్ళు. బాటిల్ పగలగొట్టి మీదికి వచ్చాడట. మారప్ప పట్టుకున్నాడు. పోలీసులు మారప్పను తీసుకుపోయారు.

ఎట్లా పట్టుకున్నాడని శ్రీనివాసప్పను అడిగాను. చెప్పాడు. బోర్లా పడేసి, వీపు మీద మోకాలు ఆనించి.

అదే రోజు, సాయంత్రం

చచ్చినవాడికి గుండె జబ్బు ఉండి ఉండొచ్చు. తాగుడు ఎక్కువై ఉండొచ్చు. పోస్ట్‌మార్టం రానీ.

సెప్టెంబర్ 19

వచ్చింది. ఊపిరాడక.

శ్రీనివాసప్ప పుస్తకం తెచ్చి నా ముందర తెరిచాడు. ఆ నాలుగు పేజీల్లో మొదటిదే. నెమ్మదిగా చదివి తెలుగులో చెప్పాడు. ఏ మనిషినీ బోర్లా నేలకేసి పట్టరాదు. వీపు మీద బరువు పెట్టరాదు. తాగినవాణ్ణి అట్లా అసలే పట్టరాదు. కూర్చోబెట్టాలి, ఊపిరి చూస్తూ ఉండాలి.

ఇంత పెద్ద అక్షరాలతో వేసి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

రిజిస్టర్లో ఆ కాగితం మార్చి, పుస్తకంలో ఉన్నట్లే నేర్పినట్లు రాయమన్నాడు. లేకుంటే లైసెన్సు పోతాది, నీ మీద కూడా కేసు పడతాది హనుమప్పా అన్నాడు. మరి మారప్ప అన్నాను. వాడు యాడా నీ పేరు చెప్పలేదు, చెప్పడు కూడా అన్నాడు.

సెప్టెంబర్ 20

బెంగళూరు పోయి పోలీస్ స్టేషన్లో మారప్పను చూశాను. అయిదు నిమిషాలే ఇచ్చారు. మూడు రోజుల్లో సగమయ్యాడు.

ట్రైనింగులో ఏం చెప్పినారని వాళ్ళు అడిగితే, సార్ సరిగ్గానే చెప్పినాడు, నేనే మరిచిపోయినా అని చెప్పాడట. ఎందుకు అట్లా చెప్పినావు అన్నాను. మీరు పెద్దోళ్ళు, దగ్గు మనిషి, జైల్లో ఉండలేరు సార్ అన్నాడు. తర్వాత అడిగాడు. ఆ మనిషి కదలడం మానేసినప్పుడు, ఊపిరి వస్తా ఉండాదనే అనుకున్నా. మీరు చెప్పినట్లే కదా సార్?

లేచి వచ్చేశాను. తిరుగు ట్రైన్‌లో చౌడప్ప ఎక్కి పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకుని, నువ్వు ఇచ్చిన ప్రాణమప్పా ఇది అని ఎప్పటిలాగే అన్నాడు. చెయ్యి లాక్కున్నాను.

సెప్టెంబర్ 21, మధ్యాహ్నం

తలుపు వేసి నేల మీద బోర్లా పడుకున్నాను. మైన్ దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో నేను అట్లా పడుకుని ఎన్నేళ్ళయిందో. మా ఆవిడ గంగులమ్మను వీపు మీద మోకాలు పెట్టమన్నాను. నీకేమన్నా పిచ్చా అని తిట్టింది. బతిమాలితే పెట్టింది.

పద్నాలుగు లెక్కపెట్టాను. ఆ తర్వాత అంకె గుర్తు రాలేదు. తియ్యమని చెప్పడానికి గొంతు లేదు. చేతులు నేలకేసి కొట్టుకున్నాను. ఇంకా గట్టిగా పట్టమంటున్నాననుకుని ఆమె మరికాస్త బరువు వేసింది.

లేచాక ఇద్దరమూ ఏడ్చాము.

ఇన్నేళ్ళూ నేను పైన ఉన్నవాణ్ణే. నొక్కి వదలడం వేరు, నొక్కి పట్టడం వేరు. ఆ వదలడంలోనే చౌడప్ప బతికాడు. నేను నేర్పినదాంట్లో వదలడమే లేదు.

రిజిస్టర్ సంచిలో పెట్టుకున్నాను. కాగితం మార్చలేదు. పోలీసులకు ఇస్తానని గంగులమ్మకు చెప్పాను. పో అంది. ట్రైన్‌లో తినమని రెండు రాగి రొట్టెలు కట్టింది.

సెప్టెంబర్ 22

పోలీస్ స్టేషన్లో రిజిస్టర్ ఇచ్చాను. ఎట్లా నేర్పినావో చేసి చూపించమన్నారు. ఒక కానిస్టేబుల్ పడుకోబోతే వద్దన్నాను. నేనే బోర్లా పడుకుని, మారప్పను పిలవమన్నాను.

మారప్ప వచ్చాడు. మోకాలు పెట్టలేదు. నన్ను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టి, నా ఊపిరి చూస్తూ ఉండిపోయాడు.